మా అక్క చదివిన నిమిషం సైన్సు

నేను ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క సైన్సు ప్రశ్న కూడా అడగలేదు. ఫ్యూజు పోతే మాత్రం పిలిచేవారు. నేను వెళ్లి, తల పైకెత్తి కాసేపు చూసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని చెప్పి వచ్చేవాణ్ణి.

మాది బొల్లాపల్లి మండలంలో ఒక మెట్ట ఊరు. మిరప, కంది, పత్తి. ఇంట్లో ఒక వాటాలో నేనూ నా భార్యా ఉంటాం. పక్క వాటాలో మా అక్క ఉంటుంది. బావ పోయాక వచ్చి, నాన్న తనకు రాసిచ్చిన రెండెకరాల్లో మిరప వేసుకుంటూ, తన వంట తను వేరుగా వండుకుంటూ బతుకుతోంది. నాకంటే అయిదేళ్లు పెద్దది. అయిదో తరగతితో బడి మానేసింది. మానేసింది అని మేం అంటాం గానీ, మాన్పించారు. నన్ను బడిలో వేయాల్సి రావడం, గేదెల వెనక తిరగడానికి ఒక మనిషి కావాల్సి రావడం ఒకే ఏడు జరిగాయి.

మూడేళ్ల క్రితం నా భార్య కొత్త ఫోను కొనుక్కుని పాతది అక్కకు ఇచ్చింది. మొదట్లో అందులో పాటలు, ప్రసంగాలు వినేది. తర్వాత ఎలా తగిలిందో, చిన్న చిన్న వీడియోలు పెట్టే ఒక అమ్మాయి తగిలింది. గళ్ల చొక్కా, రెండు జడలు, వెనకాల వంటగది. ఉల్లిపాయ కోస్తే కళ్లలో నీళ్లెందుకు వస్తాయి, కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి, దోసె పిండి ఎండాకాలంలో తొందరగా ఎందుకు పులుస్తుంది. ఒక్కోటీ నిమిషం లోపే. మధ్యలో ఆ పిల్ల ఉల్లిపాయతో పోట్లాడేది, కుండను బతిమాలేది. మా అక్క ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వేది.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చి స్కూటర్ స్టాండు వేస్తుండగా అరుగు మీద నుంచి పిలిచింది.

"ఒరేయ్, మిరపకాయ మంటకు నీళ్లు తాగితే ఎందుకు తగ్గదో తెలుసా నీకు?"

"తెలుసు. అందులో ఉండే మంట పదార్థం నీళ్లలో కరగదు. నూనెలో, కొవ్వులో కరుగుతుంది. అందుకే పెరుగు తినాలి."

అక్క చేతిలో ఫోను పక్కన పెట్టింది. "తెలుసు. మరి నలభయ్యేళ్ల నుంచి చేతులు మండి నేను నీళ్లలో పెట్టుకుంటా ఉంటే చూశావుగా. ఒక్కనాడన్నా చెప్పలేదేందిరా?"

"నువ్వు అడగలేదుగా అక్కా."

"ఆ పిల్లను మాత్రం నేను అడిగానా?"

లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను.

అప్పటి నుంచి అక్క చదువు వేగం అందుకుంది. చదువుతో పాటే ఒక చిక్కూ వచ్చింది. ఆ ఫోనుకు గళ్ల చొక్కా పిల్లకూ ఇంకొకళ్లకూ తేడా తెలియదు. ఆ పిల్ల కుండ సంగతి చెప్పి వెళ్లగానే, మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఒకాయన వచ్చి, మంచం కింద నిమ్మకాయ పెడితే ఒంట్లో విషమంతా లాగేస్తుందని చెప్పేవాడు. ఆయన తర్వాత ఒకావిడ వచ్చి ఫ్రిజ్ మీద గళ్లుప్పు పెట్టమనేది. అక్క అందరినీ సమానంగా నమ్మింది. తనకు చెప్పేవాళ్లంతా మాస్టర్లే. మాస్టరు మాట కాదనకూడదని అయిదో తరగతిలో నేర్పారు, అంతకు మించి నేర్పే లోపల బడి మాన్పించారు.

ఇంట్లో పరీక్షలు మొదలయ్యాయి. తేనె నీళ్లలో పోసింది. గుడ్లు బల్ల మీద తిప్పింది. ఒక వీడియోలో, పాల చుక్కను ఏటవాలు పళ్లెం మీద వదిలితే తెల్లటి చార వదులుతూ మెల్లగా జారాలనీ, గబుక్కున జారిపోతే నీళ్లు కలిసినట్టేననీ చెప్పారట. అక్క తన సొంత గేదె పాలు, తన చేత్తో పితికినవి, పళ్లెం మీద వదిలింది. చుక్క చార లేకుండా సర్రున జారిపోయింది.

ఆ పూటంతా మా అక్క ముఖం చూడాలి. వీడియోను నమ్మాలా, గేదెను నమ్మాలా తేలలేదు. చివరికి గేదె దగ్గరకు వెళ్లి, "కుడితి ఎక్కువ తాగుతున్నావే నువ్వు" అని కేకలేసి, మర్నాటి నుంచి ఒక బకెట్టు తగ్గించింది. పాలూ తగ్గాయి. మూడోరోజున బకెట్టు మళ్లీ పెట్టింది. ఆ వీడియో సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒక మాస్టరు తప్పు చెప్పొచ్చునని ఆవిడకు మొదట తెలిపింది ఆ గేదే అని ఇప్పుడు అనుకుంటాను.

నాకు మాత్రం లోపల కడుపు మండుతూనే ఉంది. బీఎస్సీ, బీఈడీ చదివినవాణ్ణి. రెండు జడల పిల్ల చెప్పింది నేను చెప్పలేనా? ఒక సెలవు రోజున పిడుగురాళ్ల వెళ్లి బట్టీలో కాల్చిన మంచి సున్నపు గడ్డలు తెచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెరట్లో బల్ల వేసి, నా భార్య చేత ఫోను పట్టించి, పొడిసున్నంలో నీళ్లు పోస్తే ఎందుకు కుతకుతలాడుతుందో చెప్పాను. "ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా" అని మొదలుపెట్టి, రసాయన చర్య అంటే ఏమిటో నిర్వచించి, ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక చర్యల మధ్య భేదాలు నాలుగు చెప్పి, సమీకరణం రాసి, తుల్యం చేసి, అప్పుడు నీళ్లు పోశాను. మొత్తం పద్నాలుగు నిమిషాలు. మధ్యలో నా భార్య చెయ్యి నొప్పెట్టి ఫోను కిందికి వాలింది. రెండు నిమిషాల పాటు నా చెప్పులు కనబడతాయి.

దాన్ని పందొమ్మిది మంది చూశారు. అందులో ఆరుసార్లు నేనే.

అక్కకు కూడా చూపించాను. ఓపిగ్గా చూసింది, పెద్దదానిగా ఆ మర్యాద పాటించింది. అయ్యాక, "సున్నం బైటికి వచ్చేతలికి నాకు కునుకు పట్టిందిరా" అంది. ఫోను తిరిగి ఇస్తూ, "బళ్లో పిల్లకాయలకి గూడా ఇట్టాగే చెబుతావా?" అని అడిగింది. అవునన్నాను. "పాపం" అంది. ఎవరు పాపమో చెప్పలేదు.

ఇక బియ్యం సంగతి.

అక్కకు రేషన్ కార్డు ఉంది. ఆ బియ్యం మా ఊళ్లో చాలా ఇళ్లలో అన్నానికి వాడరు. దోసెల పిండికీ, కోళ్లకూ వాడతారు. అయినా నెల మొదట్లో వరసలో నిలబడి, గింజ తగ్గకుండా కొలిపించుకుని తెచ్చుకుంటారు. కోళ్ల విషయంలో మా ఊరి వాళ్లు చాలా పట్టుదల గలవాళ్లు. ఆ నెల అక్క దోసెలకు బియ్యం నానబోస్తే కొన్ని గింజలు పైకి తేలాయి. తీసి చూస్తే మిగతావాటి కంటే నున్నగా, కాస్త పసుప్పచ్చగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. అంతకు రెండు రోజుల ముందే స్టెతస్కోపు ఆయన ఫోనులోకి వచ్చి, ప్లాస్టిక్ బియ్యం వస్తున్నాయనీ, నీళ్లలో తేలితే అవేననీ చెప్పి వెళ్లాడు.

అక్క ఆ తేలిన గింజలు ఒక గిన్నెలో వేసుకుని, నాతో మాట మాత్రమైనా చెప్పకుండా రేషన్ షాపుకు వెళ్లింది. ఆదివారం, చర్చి వదిలిన వేళ. జనం తెల్లబట్టల్లో అటే వస్తున్నారు. సందడి విని నేను వెళ్లేసరికి షాపు ముందు యాభై మంది ఉన్నారు. డీలరు గల్లాపెట్టె వెనక నుంచి లేచి నిలబడి ఉన్నాడు. అక్క గిన్నె ఎత్తి చూపిస్తోంది.

"ఏమయ్యా డీలరూ, ఇయ్యి ఏంది? నీళ్లలో బియ్యం తేలతాయా ఎక్కడన్నా? ఇది ప్లాస్టిక్కే! పిల్లకాయలు తినే తిండిలో ప్లాస్టిక్ కలుపుతారా?"

"పిన్నమ్మా, నా చేతిలో ఏముంది? పైనుంచి వచ్చిన సంచి వచ్చినట్టు ఇస్తున్నా."

"పైనుంచి" అన్న మాట చాలు మా ఊరికి. అక్కడున్న యాభై మందీ అరనిమిషంలో రెండు పార్టీలయ్యారు. ఒకరు మీ ప్రభుత్వమే తెచ్చిందన్నారు, ఇంకొకరు మీ హయాంలోనే మొదలైందన్నారు. గిన్నెలో ఉన్నవి బియ్యమా కాదా అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. అక్క చుట్టూ నలుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు.

ఇదే నా సమయం అనుకున్నాను. సంచి మీద పోషకాల బియ్యం అని రాసి ఉండడం నేను చూశాను. ముందుకు వెళ్లి గొంతు సవరించుకున్నాను.

"మిత్రులారా, ఇది ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి పన్నెండు విటమిను కలిపి, మళ్లీ గింజల ఆకారంలో ఒత్తి, మామూలు బియ్యంలో నూటికొకటి చొప్పున కలుపుతారు. వీటి సాంద్రత కొంచెం తక్కువ కావడం వలన..."

"సాంద్రతంట" అని ఒకరన్నారు. "మాస్టారు గవర్నమెంటు జీతగాడు, అట్టాగే చెబుతాడు" అని ఇంకొకరు. వాళ్లిద్దరూ అంతసేపూ ఎదురెదురు పార్టీల్లో ఉండి తిట్టుకుంటున్నవాళ్లు. నా విషయంలో ఒక్కటయ్యారు.

అయితే ఒక్క మనిషి నా మాట వింది. అక్క.

"పిండితో చేసిందా?" అంది.

"ఆఁ, బియ్యప్పిండే."

అక్క గిన్నెలోకి చూస్తూ నిలబడింది. తర్వాత డీలర్ని అడిగింది. "ఏమయ్యా, దెబ్బలకు రాసే ఎర్రమందు ఉందా నీ షాపులో?"

"ఎవరికి తగిలింది పిన్నమ్మా?"

"ఎవరికీ తగల్లా. ఉందా లేదా?"

ఉంది. చిల్లర సరుకులూ అమ్మే కొట్టే అది; అతను సీసా ఇచ్చాడు. అక్క షాపు మెట్టు మీద కూర్చుని, ఎవరి దగ్గరో మంచినీళ్ల సీసా మూత ఒకటి తీసుకుని పక్కన పెట్టింది. ఒక పక్క మామూలు బియ్యం గింజలు నాలుగు, ఒక పక్క తేలిన గింజలు నాలుగు. మూత మీద ఒక చుక్క, అటు ఒక చుక్క, ఇటు ఒక చుక్క వేసింది. మామూలు గింజలు మెల్లగా నీలంగా తిరిగి నల్లబడ్డాయి. తేలిన గింజలూ అంతే. మూత మీద చుక్క మాత్రం ఎర్రగా అలాగే ఉండిపోయింది.

"బంగాళదుంప మీద వేసి చూపించింది ఆ పిల్ల" అంది అక్క నాతో. "పిండి ఉన్న చోటల్లా నల్లబడుద్దంట. ప్లాస్టిక్కయితే ఇదిగో, ఈ మూత లాగా ఉండాలిగా?"

నేను తల ఊపాను. ఇంకేం చేయను? ఎర్రమందులో ఉండేది అయోడిన్; ఇది పిండిపదార్థానికి అయోడిన్ పరీక్ష. నా పాఠాల్లో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఏటా బోర్డు మీద రాస్తున్నాను, రెండు మార్కుల ప్రశ్నగా ఇస్తున్నాను. ప్లాస్టిక్ అన్న గింజలు నా కళ్లెదుట గిన్నెలో ఉన్నప్పుడు నాకు తట్టింది సాంద్రత.

అక్క లేచి నిలబడి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. "నేనే తప్పు చెప్పా. ఇది ప్లాస్టిక్ కాదు. పిండే. డీలరు తప్పేం లేదు, ఆయన్నేం అనబాకండి." అంతమంది ముందు తప్పు అయిందని ఒప్పుకున్న మనిషిని మా ఊళ్లో నేను అంతకుముందు చూసి ఎరగను. జనం కాస్త నిరాశగానే కదిలారు. రెండు పార్టీల వాళ్లూ టీ కొట్టు దాకా కలిసే నడిచారు.

వ్యవహారం అక్కడితో అయిపోయిందనుకున్నాం. సాయంత్రానికి వీడియో బయటికి వచ్చింది. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. అందులో అక్క గిన్నె ఎత్తి, "ఇది ప్లాస్టిక్కే! పిల్లకాయలు తినే తిండిలో ప్లాస్టిక్ కలుపుతారా?" అంటుంది. అక్కడితో అయిపోతుంది. ఎర్రమందు లేదు, మూత లేదు, తప్పు చెప్పానన్న మాట లేదు. కింద గుండెలదిరే సంగీతం కలిపారు. నేను అందులో ఒక్క క్షణం కనిపిస్తాను, నోరు తెరిచి.

మర్నాటికల్లా అక్క పేరు మాచర్ల దాకా పాకింది. కృష్ణకు అవతల మిర్యాలగూడలో ఉండే మా దూరపు బంధువు ఒకాయన ఫోను చేసి, "మస్తు ధైర్యం అక్కా నీది, వాళ్ల బండారం బయటపెట్టినవ్" అన్నాడు. కాదయ్యా, అది బియ్యమే, నేనే పొరబడ్డానని అక్క చెప్పబోయింది. ఆయన, "నిన్ను బెదిరించిన్రా?" అని అడిగాడు. తర్వాత ఫోను చేసిన వాళ్లందరూ కూడా అదే అడిగారు. ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా బెదిరించినట్టు లెక్క.

మండల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. అక్క ఆయనకూ చుక్కలు వేసి చూపించింది. ఆయన చాలా సంతోషించి, "ఇది బియ్యమే అని మీరొక కాగితం రాసివ్వండమ్మా" అన్నాడు. బియ్యం బియ్యమేనని మా అక్క సంతకం పెట్టి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పుడు ఏ ఫైల్లోనో ఉండే ఉంటుంది.

అప్పుడు అక్క నా దగ్గరకు వచ్చి, "ఒరేయ్, వీడియో తియ్యి. నిమిషం దాటావంటే ఊరుకోను" అంది. తీశాను. అక్క మెట్టు మీద కూర్చుని గింజలు, మూత, చుక్కలు అన్నీ చూపించి, "ముందు చెప్పింది తప్పు, ఇది ఒప్పు" అంటుంది. యాభై సెకన్లు. నా చెప్పులు ఎక్కడా లేవు. నిజంగా బాగా వచ్చింది. దాన్ని నా పద్నాలుగు నిమిషాల వీడియో కంటే ఎక్కువ మందే చూశారు. ప్లాస్టిక్కే అన్న మొదటి వీడియో చూసినవాళ్లతో పోలిస్తే మాత్రం అది కొండవీటి కొండ పక్కన గులకరాయి. తప్పు చెప్పానని ఒప్పుకునే మనిషిని చూడడానికి జనానికి నిమిషం కూడా లేకపోయింది.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకావిడ బస్సు దిగి అక్క ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. గురజాల అవతల పల్లె నుంచి, రెండు బస్సులు మారి. నేను ఆరోజు ఇంట్లోనే ఉన్నాను. వచ్చినావిడ అక్క కాళ్లకు దండం పెట్టినంత పని చేసింది.

"మీరు చెప్పబట్టి మా ప్రాణాలు నిలిచినయ్ అక్కా. మా కోడలు నీళ్లోసుకుంది. ఆ ప్లాస్టిక్ గింజలు ఒక్కటి గూడా దాని కడుపులోకి పోకుండా రోజూ కూర్చుని ఏరి పారబోస్తన్నా."

కొంగుముడి విప్పి చూపించింది. ఎంత శ్రద్ధగా ఏరిందో, గుప్పెడు గింజలు, అన్నీ అవే.

అక్క వంగి ఆ గింజలు చూసింది. "కోడలికి రక్తం ఎట్టా ఉందంట?"

"తక్కువేనంట అక్కా. ఆస్పత్రిలో బిళ్లలు ఇచ్చారు."

"నువ్వు పారబోసేది రక్తం పట్టే గింజలే తల్లీ. అది ప్లాస్టిక్ కాదు. నేనే తప్పు చెప్పా."

ఆవిడ నమ్మలేదు. "వీడియోలో మీరే అన్నారుగా?"

"ఆ మాట నేనే అన్నా. ఈ మాటా నేనే అంటన్నా."

"మరి ఏది నమ్మాలి?"

అక్క సీసా తెచ్చి నాలుగు గింజల మీద చుక్కలు వేసింది. గింజలు నల్లబడ్డాయి. ఆవిడ వంగి చూసి, "మందు పడితే ఏదన్నా నల్లబడుద్దిగా" అంది. అక్క మూత మీద వేసి చూపించింది. "ఆ మూత మంచి ప్లాస్టిక్కేమో" అంది ఆవిడ. నేను నోరు విప్పబోయాను. అక్క చేత్తో వారించింది.

అక్క లేచి వంటింట్లోకి నడిచింది. ఆవిడ కొంగులో మిగిలిన గింజలు, తన డబ్బాలోని రేషన్ బియ్యం కలిపి కడిగి పొయ్యి మీద పెట్టింది. ఉడికినంతసేపూ ఆవిడతో కోడలికి ఎన్నో నెల, వాంతులున్నాయా, పుట్టింటివాళ్లెవరు అని మాట్లాడింది. అన్నం వార్చి, రెండు పళ్లేలు పెట్టింది. పండుమిరప పచ్చడి వేసి, నెయ్యి వేసి, ముందు తను కలుపుకుని తినడం మొదలుపెట్టింది. పళ్లెంలో ఏ గింజ ఏదో ఇక తెలియడం లేదు. ఆవిడ అక్క నోటి వంకే చూస్తూ చాలాసేపు కూర్చుంది. అక్క సగం తిన్నాక, ఆవిడ కూడా ఒక ముద్ద కలిపింది.

వెళ్లేటప్పుడు అక్క ఆవిడ ఫోను నంబరు తీసుకుంది. పది రోజులాగి తనే ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టింది.

"ఏమ్మా, గింజలు ఏరుతున్నావా, వండుతున్నావా?"

"వండుతున్నా అక్కా, అన్నీ కలిపే వండుతున్నా" అందావిడ. తర్వాత గొంతు తగ్గించింది. "కోడలికి మాత్రం చెప్పలా. చెబితే ముద్ద ముట్టదు. అది గూడా మీ వీడియో చూసింది."